హైదరాబాద్ బండల్లో గ్రానైట్ ఏది, డోలరైట్ ఏది, బసాల్ట్ ఏది? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతులు

మూసీతీరం | ఆదివారం ఉదయం 9:12
ఎనిమిదో తరగతి పిల్లల కోసం బడిలో రాళ్ల అల్మారా పెడుతున్నాం. ఏడు ముక్కలు చేతిలో ఉన్నాయి. పేరు రాసిన చీటీ అంటించే ముందు సరిచూసుకోవాలి.
1. ఖాజాగూడ వైపు రోడ్డు కోసం తవ్విన మట్టిలో దొరికిన గులాబీ, తెలుపు కలిసిన గరుకు రాయి.
2. అక్కడిదే, బూడిద రంగు, చారలు చారలుగా ఉంది.
3. గ్రానైట్ గుట్టను అడ్డంగా కోసినట్టున్న నల్లటి పట్టీ నుంచి రాలిన ముక్క. చాలా బరువు.
4. వికారాబాద్ వైపు నుంచి తెచ్చిన నల్లరాయి. తెల్లటి చుక్కలు, చిన్న తొర్రలు.
5. పారిశ్రామికవాడ పక్కన దొరికిన నల్లటి, తేలికైన, నురుగులాంటి మెరిసే రాయి.
6. వంటగట్టు రాళ్లు అమ్మే దుకాణంలో మిగిలిన ‘బ్లాక్ గ్రానైట్’ ముక్క.
7. అనంతగిరి దగ్గరి ఎర్రటి తొర్రల రాయి.
పుస్తకంలో తెల్లగా ఉంటే గ్రానైట్, నల్లగా ఉంటే బసాల్ట్ అన్నట్టు రాశారు. ఆ లెక్కన 3, 4, 5, 6 అన్నీ బసాల్టేనా?

పలుగురాయి | 9:40
కాదండీ. ఆ నాలుగూ నాలుగు వేర్వేరు వస్తువులు అయ్యుండే అవకాశమే ఎక్కువ. రంగుతో మొదలుపెడితే దారి తప్పుతాం. ముందు రేణువుల పరిమాణం, తర్వాత ఖనిజాలు, ఆ తర్వాత బరువు. రంగు చివర్లో చూడండి.

రేణువు పరిమాణం ఎందుకు ముందంటే, రాయి ఎక్కడ చల్లారిందో అదే చెబుతుంది. భూమి లోపల కరిగిన శిలాద్రవం కొన్ని కిలోమీటర్ల లోతులోనే ఆగిపోతే చుట్టూ ఉన్న రాయి దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది. అణువులు ఒకచోట చేరి పెద్ద స్ఫటికాలు కట్టడానికి వ్యవధి దొరుకుతుంది. అదే ద్రవం లావాగా పైకి వచ్చి గాలి తగిలితే స్ఫటికాలు కంటికి ఆననంత సన్నగా మిగిలిపోతాయి. గ్రానైట్ మొదటి రకం, బసాల్ట్ రెండో రకం. రేణువులు 5 మిల్లీమీటర్లు దాటితే ముతక, 1 నుంచి 5 మధ్య అయితే మధ్యరకం, 1 కంటే తక్కువైతే సన్నరకం.

రంగు చెప్పేది రసాయనం గురించి, అదీ సగమే. సిలికా ఎక్కువున్న ద్రవం నుంచి పలుగు (క్వార్ట్జ్ ఖనిజం), ఫెల్డ్‌స్పార్ వచ్చి రాయి లేతగా ఉంటుంది. సిలికా తగ్గి ఇనుము, మెగ్నీషియం పెరిగితే పైరాక్సీన్, ఆలివీన్ అనే ఖనిజాలు వచ్చి నల్లబడుతుంది. గ్రానైట్‌లో సిలికా సుమారు 70 శాతం, బసాల్ట్‌లో 45 నుంచి 52. కానీ అగ్నిపర్వత గాజు అయిన అబ్సిడియన్‌లో గ్రానైట్ అంత సిలికా ఉన్నా బొగ్గులా నల్లగా ఉంటుంది. రంగును నమ్మొద్దు అనేది అందుకే.

గుట్టలదారి | 10:05
అన్నా, ఒక మాట ముందే చెప్పాలె. హైదరాబాద్ గుండ్లు చూసి ‘ఇక్కడ ఒకప్పుడు అగ్నిపర్వతం పేలింది, రాళ్లు ఎగిరొచ్చి పడ్డయి’ అని పిల్లలకు చెప్పేటోళ్లు మస్తు మంది ఉన్నరు. గట్ల కాదు. మన గ్రానైట్ ఏనాడూ బయటికి లావా లెక్క రాలేదు. సుమారు 250 కోట్ల ఏండ్ల కింద లోపల్నే గడ్డ కట్టింది. మీదున్న రాయంతా కోట్ల ఏండ్లు అరిగిపోతే ఇప్పుడు బయటపడ్డది.

గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఎందుకున్నయంటే, గ్రానైట్‌ల నిలువుగ, అడ్డంగ పగుళ్లుంటయి. నీళ్లు ఆ పగుళ్లల్లకు దిగి ఫెల్డ్‌స్పార్‌ను మట్టి చేస్తయి. మూలలకు రెండు మూడు దిక్కుల నుంచి నీళ్లు తగుల్తయి గనుక అవి ముందు కరిగి, చదరం ముక్క గుండ్రమైతది. చుట్టున్న మొరం వానకు కొట్టుకపోతే లోపలి గుండు మిగుల్తది. సెంట్రల్ యూనివర్సిటీల పుట్టగొడుగు బండ అయినా, మౌలాలి గుట్ట మీది గుండ్లయినా ఎవరూ దొర్లించలే, ఉన్న జాగల్నే గుండ్రమైనయి.

పలుగురాయి | 10:31
ఇప్పుడు 1, 2 ముక్కల సంగతి. సామాన్లు: 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, స్టీలు చాకు, అయస్కాంతం, వంటింటి డిజిటల్ తూకం, దారం. ఇంతే.

పాతబడిన ఉపరితలం చూసి ఏదీ తేల్చకండి. నాచు, తుప్పు, దుమ్ము కలిసి అన్ని రాళ్లనూ ఒకే రంగులో చూపిస్తాయి. సుత్తితో అంచు విరిచి తాజా ముఖం బయటికి తీయాలి. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి, పలుగు పెచ్చు గాజు ముక్కతో సమానం. భూతద్దాన్ని కంటికి ఆనించి, రాయిని దగ్గరికి తెచ్చుకోండి. చాలామంది అద్దాన్ని రాయి మీద పెట్టి దూరం నుంచి చూస్తారు. అప్పుడు కనిపించేది చాలా కొంచెమే. రాయిని కాస్త తడిపితే రంగుల తేడా తేలుతుంది, కానీ మెరుపు చూడాలంటే పొడిగానే ఉండాలి.

పలుగు: బూడిద రంగు గాజులా, కొంచెం జిడ్డు మెరుపుతో ఉంటుంది. నిర్దిష్ట ఆకారం ఉండదు, మిగతా రేణువుల మధ్య ఖాళీ నింపినట్టు కూర్చుంటుంది. చదునుగా విరగదు. చాకుకు లొంగదు.
ఫెల్డ్‌స్పార్: గులాబీ లేదా తెలుపు. రాయిని వెలుతురులో అటూ ఇటూ తిప్పితే చదును ముఖాలు ఒక్కసారిగా అద్దంలా మెరుస్తాయి. ఆ మెరుపే దాని గుర్తు. ఇదీ చాకుకు లొంగదు.
బయొటైట్: నల్లటి అభ్రకం. చాకు మొనతో పొరలు లేస్తాయి.
హార్న్‌బ్లెండ్: నల్లటి పొడుగు కడ్డీలు. పొరలుగా లేవదు. నల్లగా ఉన్నదల్లా అభ్రకం అనుకోవడం ఇక్కడే జరిగే పొరపాటు.

చాకుతో గీసినప్పుడు ఇంకో పొరపాటు. పలుగు మీద బూడిద రంగు గీత కనపడుతుంది, ‘గీసుకుంది, మెత్తటిది’ అని రాసేస్తారు. తడివేలితో రుద్దండి. చెరిగిపోతే అది చాకు రాల్చిన లోహం, అంటే రాయే గట్టిది. చెరగకుండా గాడి మిగిలితేనే రాయి మెత్తటిది.

నల్లగోడ | 11:15
3వది చూడకుండానే చెప్పేయొచ్చు, దొరికిన చోటే సగం జవాబు. గ్రానైట్‌ను కోసుకుంటూ పోయే నల్లటి పట్టీని డైక్ అంటారు. గ్రానైట్ గట్టిపడ్డాక దానిలో పగులు వచ్చి, ఆ పగులులోకి కింది నుంచి బసాల్ట్ రకం ద్రవం ఎక్కి అక్కడే చల్లారితే అది డోలరైట్ డైక్. నగరం చుట్టుపక్కల ఇవి చాలా ఉన్నాయి. పక్కనున్న గ్రానైట్ అరిగిపోయిన చోట నల్లటి గుండ్ల వరసలా, పొడుగాటి దిబ్బలా కనిపిస్తాయి.

ధ్రువపరచుకోవడానికి డైక్ అంచు నుంచి ఒక ముక్క, నడుమ నుంచి ఒక ముక్క తీసుకోండి. అంచు చల్లటి గ్రానైట్‌కు ఆని ఉండి తొందరగా చల్లారింది కాబట్టి సన్నగా, దాదాపు బసాల్ట్‌లా ఉంటుంది. నడుమ ముక్కలో నల్ల నేల మీద తెల్లటి చిన్న పుల్లలు అడ్డదిడ్డంగా పరిచినట్టు కనిపిస్తుంది. ఆ పుల్లలు ప్లేజియోక్లేజ్ (ఒక రకం ఫెల్డ్‌స్పార్), మధ్యలో నల్లనిది పైరాక్సీన్. అంచు ముక్క ఒక్కటే తెచ్చినవాళ్లు బసాల్ట్ అని, నడుమ ముక్క తెచ్చినవాళ్లు డోలరైట్ అని వాదించుకోవడం మామూలే. రెండూ ఒకే ద్రవం.

చల్లారే సమయం వెడల్పుకు వర్గంలో పెరుగుతుంది. వెడల్పు రెట్టింపైతే సమయం నాలుగింతలు. 10 మీటర్ల డైక్ చల్లారడానికి ఏడాది అటూఇటూ చాలు. 10 కిలోమీటర్ల గ్రానైట్ ముద్దకు లక్షల ఏళ్లు పడుతుంది.

డోలరైట్ కొత్త ముఖం నల్లగా ఉన్నా బయటి పెంకు తుప్పు రంగులో ఉంటుంది, ఉల్లిపొరల్లా ఊడుతుంది. దారానికి కట్టిన అయస్కాంతాన్ని దగ్గరికి తెస్తే కాస్త ఒరుగుతుంది, లోపల మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది కాబట్టి. ఒరగకపోతే డోలరైట్ కాదని మాత్రం తీర్మానించకండి, మాగ్నటైట్ పాళ్లు రాయి రాయికీ మారుతాయి.

మూసీతీరం | 12:02
నల్లగోడ గారూ, నా దగ్గరున్నది నడుమ ముక్కే, తెల్లటి పుల్లలు కనపడుతున్నాయి. 1వ దాని పక్కనే అరచేయంత గులాబీ ఫెల్డ్‌స్పార్ ఉన్న బండ కూడా కనపడింది. అది ఇంకా నెమ్మదిగా చల్లారిందని రాయవచ్చా?

సన్నగీత | 12:20
వద్దండి. అది పెగ్మటైట్. పెద్ద స్ఫటికం అంటే నెమ్మదిగా చల్లారడం అనే సూత్రం అక్కడ పనిచేయదు. గ్రానైట్ ద్రవం దాదాపు గట్టిపడ్డాక చివరికి మిగిలే కొంచెం ద్రవంలో నీళ్లు, బోరాన్, ఫ్లోరిన్ లాంటివి పోగుపడతాయి. వాటివల్ల ద్రవం పలచబడి అణువులు సులువుగా కదులుతాయి, కొత్త స్ఫటిక బీజాలు తక్కువగా పుడతాయి. ఉన్న కొద్ది స్ఫటికాలే పెరిగి పెద్దవవుతాయి. పెగ్మటైట్ పట్టీలు సన్నవి, చుట్టూ ఉన్న గ్రానైట్ కంటే వేగంగానే చల్లారి ఉంటాయి.

అదే వరసలో ఇంకొకటి. సన్నటి లేదా మధ్యరకం రేణువుల మధ్య పెద్ద ఫెల్డ్‌స్పార్లు పొదిగినట్టుంటే అది పార్ఫిరీ అల్లిక. సాధారణంగా రెండు దశల్లో చల్లారిందని దానికి అర్థం: లోతులో కొన్ని పెద్దవి పెరిగాక ద్రవం పైకి జరిగి మిగతాది తొందరగా గట్టిపడింది.

2వ ముక్క చారల గురించి ఎవరూ మాట్లాడలేదు. దాన్ని తొందరపడి గ్రానైట్ అనకండి. నగరంలో గ్రానైట్‌తో పాటు నైస్ కూడా ఉంది, అది వేడికీ ఒత్తిడికీ లోనై మారిన రూపాంతర శిల. చార రెండింట్లోనూ రావచ్చు. తేడా పలుగు చెబుతుంది. ద్రవం ప్రవహిస్తూ చార కట్టి ఉంటే ఫెల్డ్‌స్పార్ పలకలు ఒకే దిక్కు చూస్తాయి గానీ మధ్యలో పలుగు ఆకారం లేకుండా మామూలుగానే ఉంటుంది. గట్టిపడ్డాక నలిగి చార వస్తే పలుగు కూడా సాగి రిబ్బన్లలా ఉంటుంది. చారకు అడ్డంగా విరిచిన ముఖం మీద చూడండి. చార వెంబడి విరిచిన ముఖం మీద ఇది కనిపించదు.

గుట్టలదారి | 12:48
4వది వికారాబాద్ దిక్కుది అంటున్నరు గద, అది దక్కన్ లావా బసాల్టే ఉంటది. 6.6 కోట్ల ఏండ్ల కిందటిది, మన గ్రానైట్ ముందర చిన్న పిల్ల. పొయ్యేటప్పుడు నేల చూసుకుంట పోన్రి. గ్రానైట్ ఉన్న దగ్గర ఎర్రటి ఇసుక చెల్క, లావా మొదలైన దగ్గర నల్ల రేగడి. చెల్క పోయి పత్తి చేన్లు పెరుగుతున్నయంటే కింద రాయి మారినట్టే.

తొర్రలు లావాల గ్యాస్ బుడగలు. తెల్ల చుక్కలంటే ఆ బుడగలల్లకు తర్వాత నీళ్లు దిగి జియోలైట్, కాల్సైట్ (సున్నపురాయిల ఉండే ఖనిజం), అకీకు రాయి లాంటివి నిండినయి. ఆ తెల్ల చుక్క మీద వెనిగర్ చుక్క వేస్తే కొన్ని పొంగుతయి, కొన్ని పొంగవు. పొంగింది గదా అని రాయి మొత్తం సున్నపురాయి అని రాయొద్దు. నల్ల భాగం మీద కూడా వెయ్యాలె. తాండూరు బండ, షాబాదు బండ అయితే గీకి పొడి చేసి వేస్తే యాడ వేసినా పొంగుతది. అవి అసలు అగ్నిశిలలే కావు, సముద్రం అడుగున పేరుకున్నయి.

పలుగురాయి | 13:10
7వది లేటరైట్. అనంతగిరి కొండల మీద బసాల్ట్ పైభాగం వానలకూ ఎండలకూ కుళ్లి, సిలికా కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం మిగిలితే అలా అవుతుంది. పుట్టుక బసాల్ట్ నుంచే అయినా అగ్నిశిలల అరలో పెట్టకూడదు. తొర్రల తేడా పిల్లలకు చూపించండి: లావా బుడగ గుండ్రంగా లేదా గుడ్డులా ఉండి నున్నటి గోడలతో ఉంటుంది, లేటరైట్ తొర్ర వంకరటింకర గొట్టంలా పోతుంది. చాకుతో గీస్తే ఎర్రటి పొడి రాలుతుంది.

5వది నా అనుమానం లోహపు కిట్టం, అంటే కొలిమిలో లోహం కరిగించాక మిగిలే మడ్డి. నగరం పరిసరాల్లో సహజంగా దొరికే నురుగురాయి లేదు. భూతద్దంతో తుప్పు మచ్చలు, లోహపు పూసలు, బొగ్గు ముక్కలు, సీసా గాజు లాంటి పచ్చటి మెరుపు ఉన్నాయేమో చూడండి. ఒక్కటి కనపడినా కొలిమిలోంచి వచ్చినదే.

కొలతబద్ద | 14:25
బరువు పరీక్ష అంకెల్లో చేస్తే సగం వాదనలు తగ్గుతాయి. తూకం మీద రాయిని పెట్టి బరువు రాసుకోండి. తర్వాత ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసి తూకం మీద పెట్టి సున్నా చేయండి. రాయికి దారం కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకూ గోడకూ తగలకుండా చేత్తో వేలాడదీయండి. అప్పుడు తూకం చూపేది రాయి తొలగించిన నీటి బరువు, అంటే రాయి ఘనపరిమాణం. మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి, వచ్చేదే సాంద్రత.

చెడేది ఇక్కడ: రాయి అడుగుకు తగిలితే రెండో అంకె పెరిగి సాంద్రత తక్కువ వస్తుంది. గాలి బుడగలు అతుక్కుంటే కూడా తక్కువే వస్తుంది, కాబట్టి రాయిని ముందే పది నిమిషాలు నానబెట్టి పైతడి తుడవండి. ఒక గ్రాము తేడాతో చూపే తూకం మీద 50 గ్రాముల ముక్క పెట్టకండి, నీటిలో అంకె 18 దగ్గర ఉంటుంది, ఒక్క గ్రాము తప్పితే 5 శాతం పోయినట్టే. 300 గ్రాములు దాటినది తీసుకోండి. కుళ్లిన పెంకు ముందే కొట్టేయాలి.

గ్రానైట్ 2.6 నుంచి 2.7, డోలరైట్, గ్యాబ్రో (అదే రకం ద్రవం లోతులో చల్లారి ముతక రేణువులు కట్టిన రాయి) 2.9 నుంచి 3.1. తొర్రలు లేని బసాల్ట్ కూడా 2.8 నుంచి 3.0.

మూసీతీరం | 17:50
అన్నీ తూచాను.
1: 412 గ్రాములు, నీటిలో 156, అంటే 2.64.
2: 538, 201, అంటే 2.68.
3: 455, 151, అంటే 3.01.
4: 320, 118, అంటే 2.71.
5: 96, 51, అంటే 1.88.
6: 610, 203, అంటే 3.00.
7: 275, 115, అంటే 2.39, నీళ్లలో బుడగలు చాలా వచ్చాయి.
5వ దానిలో తుప్పు మచ్చలు, రెండు లోహపు పూసలు ఉన్నాయి. 4వది గ్రానైట్ అంకెకు దగ్గరగా వచ్చింది, అక్కడే తికమక.

కొలతబద్ద | 18:08
4వ దానిలో తికమక లేదు. తొర్రలు, వాటిలో నిండిన తేలికైన జియోలైట్లు అంకెను కిందికి లాగాయి. తొర్రల రాయికి సాంద్రతతో పేరు పెట్టకూడదు, నేల చూసీ అల్లిక చూసీ పెట్టాలి. 7వ దానికీ అదే మాట. 5 కిట్టమే, అల్మారాలో ‘రాయిలా కనిపించేది, రాయి కాదు’ అని పెట్టండి, పిల్లలకు బాగా పనికొస్తుంది.

నల్లగోడ | 18:30
6వది 3.00 వచ్చింది కాబట్టి గ్రానైట్ అయ్యే ప్రశ్నే లేదు. మెరుగు పెట్టగలిగే గట్టి రాయి ఏదైనా వ్యాపారంలో గ్రానైటే. బ్లాక్ గ్రానైట్ పేరుతో అమ్మేవి ఎక్కువగా డోలరైట్, గ్యాబ్రో. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ కూడా గ్యాబ్రో కుటుంబానిదే, ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే పైరాక్సీన్. మెరుగు ముఖం మీద భూతద్దం పెట్టి చూడండి: తెల్లటి పుల్లలు ఒకటి రెండు మిల్లీమీటర్లలోపు ఉంటే డోలరైట్, రేణువులు 5 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తే గ్యాబ్రో. కోసి మెరుగు పెట్టిన ముక్కలు నిజానికి గుట్ట మీద కొట్టి తెచ్చినవాటి కంటే ఖనిజాలు చూడటానికి మేలు. దుకాణాల్లో మిగులు ముక్కలు అడిగితే ఇస్తారు. గోల్కొండ కోటలో, కేబీఆర్ పార్కులో మాత్రం సుత్తి తీయకండి, అవి రక్షిత ప్రదేశాలు.

మూసీతీరం | 19:05
6వ దానిలో తెల్లటి పుల్లలు 1 మిల్లీమీటరు కూడా లేవు, డోలరైట్ అని రాస్తున్నాను. 1వ దాన్ని ఊరికే గ్రానైట్ అనేస్తే సరిపోతుందా?

కొలతబద్ద | 19:32
బడికి సరిపోతుంది. ఖచ్చితంగా కావాలంటే లెక్కించండి. పారదర్శక ప్లాస్టిక్ కాగితం మీద సెంటీమీటరు దూరంలో గీతలు అడ్డం, నిలువు గీసి 100 కూడళ్లు వచ్చేలా చేయండి. రాయి చదును ముఖం మీద పెట్టి ప్రతి కూడలి కింద ఏ ఖనిజం ఉందో రాయండి. గళ్లు రేణువు కంటే పెద్దవిగా ఉండాలి, లేకపోతే ఒకే రేణువును రెండుసార్లు లెక్కిస్తారు. ఉదాహరణకు పలుగు 29, గులాబీ ఫెల్డ్‌స్పార్ 38, తెల్ల ఫెల్డ్‌స్పార్ 26, నల్లవి 7 వచ్చాయనుకోండి. నల్లవి తీసేస్తే 93. అందులో పలుగు 31 శాతం, అంటే గ్రానైట్‌కు ఉండాల్సిన 20, 60 మధ్యలో ఉంది. తెల్లది మొత్తం ఫెల్డ్‌స్పార్‌లో 41 శాతం, అదీ గ్రానైట్‌కు ఉండాల్సిన 10, 65 మధ్యలో ఉంది. కాబట్టి గ్రానైట్. తెల్లది 65 దాటి 90 లోపు ఉంటే గ్రానోడయొరైట్ అనే దగ్గరి రాయి. 100 కూడళ్లతో 30 శాతం అని వస్తే 9 వరకు అటూఇటూ (21 నుంచి 39) తేడా ఉండొచ్చు. 400 లెక్కిస్తే అది సగానికి తగ్గుతుంది.

సన్నగీత | 20:10
ఒక్క జాగ్రత్త. గులాబీది పొటాషియం ఫెల్డ్‌స్పార్, తెల్లది ప్లేజియోక్లేజ్ అనేది సౌకర్యం కోసం అనుకునేదే. పొటాషియం రకం తెల్లగా కూడా ఉంటుంది. తెల్లటి చదును ముఖాన్ని వెలుతురులో తిప్పుతూ భూతద్దంతో చూస్తే, స్కేలుతో గీసినట్టు సన్నటి సమాంతర గీతలు కనపడితే అది ప్లేజియోక్లేజ్. గీతలు కనపడకపోతే ఏదీ చెప్పలేం, అన్ని ముఖాల మీదా అవి రావు. రసాయనంతో రంగు వేసి తేల్చే పద్ధతి ఉంది, దానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కావాలి, అది ఎముకల దాకా తినేస్తుంది, ప్రయోగశాల బయట ముట్టుకోకూడదు. అంత పట్టింపు ఉంటే 0.03 మిల్లీమీటర్ల పలచటి రేకుగా అరగదీసి ధ్రువణ సూక్ష్మదర్శిని కింద చూడటమే దారి.

2వ దాన్ని చారకు అడ్డంగా విరిచారా?

మూసీతీరం | 20:41
విరిచాను. పలుగు సాగి, పొడుగాటి రిబ్బన్లలా ఉంది. అభ్రకం కూడా వాటి వెంబడే పడుకుంది.

సన్నగీత | 20:55
అయితే నైస్. అగ్నిశిలల అరలోంచి తీసి రూపాంతర శిలల అరలో పెట్టండి. చీటీ మీద దొరికిన చోటు, తేదీ, చార దిక్కు కూడా రాయండి. పేరు తప్పైతే రేపు ఎవరైనా దిద్దుతారు, దొరికిన చోటు పోతే మళ్లీ రాదు.